రెండో శనివారం, ఆరున్నర గంటలకు

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి "సంగీత్" అంటే చాలు, డ్రైవర్ ఇంకో మాట అడగడు. తీసుకెళ్ళి చౌరస్తాలో దింపుతాడు. ఆ చౌరస్తాకు పేరిచ్చిన థియేటర్ మాత్రం అక్కడ లేదు. ఒకప్పుడు ఇంగ్లిష్ సినిమా చూడాలంటే జంటనగరాల నలుమూలల నుంచీ జనం అక్కడికే వచ్చేవారు. పారడైజ్ సంగతీ అంతే. టాకీసు పక్కన 1953లో చిన్న కేఫ్‌గా మొదలైన హోటల్ బిర్యానీతో ఎక్కడెక్కడికో వెళ్ళింది, మెట్రో స్టేషన్‌కు కూడా ఆ పేరే పెట్టారు. టాకీసు పోయింది. చిలకలగూడ, సీతాఫల్‌మండి, వారాసిగూడల్లో పెరిగినవాళ్ళు ఈ పేర్లు రోజూ పలుకుతూనే ఉంటారు. అక్కడ ఒక హాలు ఉండేదని మాత్రం పిల్లలకు చెబితే తప్ప తెలియదు.

పోయినవాటి గురించి ఈ అధ్యాయం రాయడం లేదు. మీ బస్తీలోనో, మీ చిన్న ఊళ్ళోనో ఇంకా నిలబడి ఉన్న పాత హాలు ఒకటి ఉండవచ్చు. మూతపడ్డ టాకీసు, టౌన్‌హాలు, నాటక సమాజంవాళ్ళు చందాలు వేసుకుని కట్టుకున్న భవనం, ఏదైనా కావచ్చు. దాని ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా "దీన్ని ఎవరైనా బాగుచేస్తే ఎంత బావుంటుందో" అని మీకు అనిపిస్తూ ఉంటే, ఆ ఎవరో మీరే కావచ్చు. అందుకు కోట్లు అక్కర్లేదని నేను అనను. ఏదో ఒక దశలో కావాలి. కానీ కోట్లకన్నా ముందు మీరు సంపాదించుకోవలసిన అలవాటు ఒకటుంది: చెప్పిన తేదీకి, చెప్పిన వేళకు, వానొచ్చినా వరదొచ్చినా కార్యక్రమం జరపడం.

హాలు ఎందుకు మూతపడుతుందో ఆలోచించండి. కప్పు కారింది, గోడ బీటలు వారింది, అందుకే మూసేశారని చెప్పుకుంటాం. చాలాచోట్ల అసలు వరస దీనికి తిరగబడి ఉంటుంది. ముందు జనం రావడం తగ్గుతుంది. అద్దె రాదు. తూములు శుభ్రం చేసే మనిషిని మానిపిస్తారు. ఆ తర్వాతే కప్పు కారుతుంది. ముంబైలో 1911లో ఐదో జార్జి చక్రవర్తి ప్రారంభించిన రాయల్ ఒపేరా హౌస్ అలాగే నాటకాల నుంచి సినిమాలకు మారి, సినిమాలకూ జనం పలచబడి, 1993లో మూతపడింది. మళ్ళీ తలుపులు తెరుచుకునేసరికి 2016 వచ్చింది. మధ్యలో 2012లో అంతర్జాతీయంగా ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలోకి కూడా ఎక్కింది. ఆభా నారాయణ్ లాంబా అనే వాస్తుశిల్పి బృందం ఏళ్ళ తరబడి పనిచేస్తే గాని అది నిలబడలేదు. ఖాళీగా ఉంచిన ఇరవైమూడేళ్ళ ధరలో ఆ శ్రమ కూడా ఒక భాగమని నా లెక్క.

తెలుగువాళ్ళం ఇంకా దగ్గరగా చూడవలసింది చెన్నై సెంట్రల్ స్టేషన్ సమీపంలోని విక్టోరియా పబ్లిక్ హాలును. 1883లో దానికి శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు. ఆయన కొలువు నీడలోనే 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' మొదటిసారి రంగం ఎక్కింది. మద్రాసులో పట్టణమంతటికీ ఒక వేదిక కావాలన్నా ఆయన చెయ్యి ముందుకొచ్చింది. వాస్తుశిల్పి చిజమ్ గీసిన నమూనాకు కాంట్రాక్టర్ నంపెరుమాళ్ చెట్టి రూపం ఇచ్చారు. పమ్మల్ సంబంధ మొదలియార్ సుగుణ విలాస సభ నాటకాలు ఆడింది అక్కడే. 1896లో మద్రాసు జనం మొదటిసారి కదిలే బొమ్మలు చూసింది కూడా అక్కడే. అంతటి హాలు కూడా దశాబ్దాల పాటు దీపం లేకుండా పడి ఉంది. 2023లో చెన్నై కార్పొరేషన్ పునరుద్ధరణ మొదలుపెట్టేనాటికి అంచనా ముప్ఫై కోట్లు దాటింది. పేరు, చరిత్ర, మహారాజుల చెయ్యి, ఏవీ హాలును కాపాడలేవు. వచ్చే శనివారం అక్కడ ఏదో ఒకటి జరుగుతుందన్న నమ్మకం ఊళ్ళో ఉంటే అది బతుకుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ మన సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో 'కీచకవధ'తో మొదలైన ఆ కుటుంబాలకు సొంత భవనమన్నది చాలాకాలం లేదు. ఊరూరా డేరా వేశారు, తెరలు కట్టారు, పిల్లల్ని వేదిక వెనక ఉయ్యాలల్లో పడుకోబెట్టి ఆడవాళ్ళు ద్రౌపది వేషం కట్టారు. సమాజాలు ఎన్నో చెదిరిపోయాయి, మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అయినా హైదరాబాద్ శేరిలింగంపల్లిలోని సురభి కాలనీ దాకా ఆ దీపం ఆరకుండా వచ్చింది. 2013లో పద్మశ్రీ అందుకున్న రేకందార్ నాగేశ్వరరావును అందరూ సురభి బాబ్జీ అనే పిలుచుకునేవారు. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, ఆయన కుటుంబం మాత్రం నాటకం ఆపలేదు. ఒకచోట గోడలుండి ఆట లేక పాడయింది, ఇంకోచోట గోడల్లేకుండా ఆటే నిలబడింది. మీరు ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

హాలు చేతికి రాకముందే

కాబట్టి మొదటి ఆరు నెలలు హాలు జోలికి పోకండి. నెలకో సాయంత్రం పెట్టుకోండి. రెండో శనివారం నాకు నచ్చుతుంది, ఎందుకంటే ఆఫీసులకు సెలవని మనవాళ్ళకు గుర్తుంటుంది. ఆరున్నరకు మొదలు, ఎనిమిదిన్నరకు ముగింపు. స్కూలు వరండా, అపార్టుమెంటు సెల్లార్, కమ్యూనిటీ హాలు, ఏదైనా సరిపోతుంది. మొదట్లో పెద్ద నాటకం అక్కర్లేదు. 'కన్యాశుల్కం'లో ఒక్క రంగాన్ని నలుగురు కుర్చీల్లో కూర్చుని గట్టిగా చదవండి. ఇంకో నెల హరిశ్చంద్ర కాటిసీను పద్యాలు వచ్చినవాళ్ళను వెతికి తీసుకురండి. మరో నెల ఒగ్గు కథ బృందాన్ని పిలవండి, దారిఖర్చులూ సంభావనా ముందే చేతిలో పెట్టండి. కళాకారుడికి ఇచ్చే డబ్బు దగ్గర బేరం ఆడే సంస్థ ఏదీ ఎక్కువ కాలం నడవదు, నడవకూడదు కూడా.

మొదటి నెల ఎనభై మంది రావచ్చు, మూడో నెల పన్నెండు మంది రావచ్చు. ఉత్సాహం పాలపొంగు, దించగానే చల్లారుతుంది. ఆ పన్నెండు మంది వచ్చిన సాయంత్రం మీకు అసలు పరీక్ష. ఆరున్నరకు మొదలుపెట్టండి. "ఇంకో పది నిమిషాలు చూద్దాం, జనం వస్తారేమో" అనకండి. వేళకు వచ్చిన పన్నెండు మందిని రాని ఎనభై మంది కోసం కూర్చోబెడితే, వచ్చే నెల ఆ పన్నెండు మందీ ఆలస్యంగా వస్తారు. సికింద్రాబాద్‌లో ఆషాఢమంటే లష్కర్ బోనాలు, ఇళ్ళలో ఊపిరాడదు. ఆ నెల కార్యక్రమాన్ని అరగంటకు కుదించండి, అంతే గాని మానకండి. ఆరు నెలలు ఇలా తేదీ తప్పకుండా గడిస్తే మీ దగ్గర ఒక రిజిస్టరు ఉంటుంది: ఎవరెవరు వచ్చారో, ఏం ఆడారో, ఎంత ఖర్చయిందో. హాలు యజమాని ముందు, మున్సిపల్ అధికారి ముందు, డబ్బిచ్చే సంస్థ ముందు మీరు పెట్టగలిగిన మొదటి సాక్ష్యం అదే.

ఆ ఆరు నెలల్లో పక్కన ఇంకో పని నడవాలి. హాలు ఎవరిదో తెలుసుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించండి. పాత హాళ్ళకు సాధారణంగా ఒక యజమాని ఉండడు, తాతగారి పేరు మీద ఉండి అయిదుగురు వారసులు ఉంటారు, లేదా ఎప్పటిదో లీజు ఉంటుంది, లేదా కోర్టులో కేసు ఉంటుంది. ఆస్తి పన్ను బకాయి ఎంతో చూడండి. ఇవన్నీ తేలాకే యజమానిని కలవండి. కలిసినప్పుడు మాట జాగ్రత్త. "సార్, మీ హాలును మేం కాపాడతాం" అంటే ఆయనకు తన ఆస్తి మీద ఎవరో కన్నేసినట్టు వినిపిస్తుంది. "అంకుల్, ముందు ఇంజనీర్‌తో ఒకసారి చూపిస్తాం, ఖర్చు మాదే. ఆయన సరేనంటే నెలకొక సాయంత్రం వాడుకుంటాం. ఊడ్చి, తాళం వేసి, తాళంచెవి మీ చేతికే ఇస్తాం" అనండి. ఆయన ఈ హాలు కట్టిన మనిషి కొడుకో మనవడో అయి ఉంటాడు. దాని పతనం మీకన్నా ఆయనకే ఎక్కువ బాధ. వెళ్ళగానే వాళ్ళ నాన్నగారి రోజుల ఫొటోలు ఉన్నాయేమో అడగండి, కాసేపు కూర్చుని వినండి. చాలా తలుపులు అక్కడ తెరుచుకుంటాయి.

ఇంజనీర్ అన్న మాట మర్యాదకు చెప్పింది కాదు. నిర్మాణ భద్రత చూసే ఇంజనీర్ రాతపూర్వకంగా సరేననేదాకా ఒక్క ప్రేక్షకుణ్ణి కూడా ఆ కప్పు కిందికి తీసుకెళ్ళకూడదు. సిమ్లాలో 1887 నాటి గెయిటీ థియేటర్ ఉంది. హెన్రీ ఇర్విన్ కట్టిన ఆ భవనానికి పై అంతస్తుల బరువు ప్రమాదమని తేలితే ఆ అంతస్తులనే తీసేశారు. థియేటర్ మిగిలింది, నాటకాలు ఆడేవాళ్ళు దాన్ని వదల్లేదు, 2009లో పునరుద్ధరణ పూర్తయి మళ్ళీ కొత్త దీపాలు వెలిగాయి. కొంత వదులుకుని అసలును దక్కించుకోవడం కూడా పునరుద్ధరణే.

సున్నం, నీళ్ళు, నిప్పు

పని మొదలయ్యాక మీ కమిటీలో మొదటి గొడవ రంగు గురించి వస్తుంది. ముఖద్వారం అందంగా చేస్తే పేపర్లో ఫొటో పడుతుంది, చందాలు వస్తాయి అని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. పాత కట్టడానికి మొదటి శత్రువు నీరు. ముందు కప్పు, తూములు, వాననీళ్ళు పునాదికి దూరంగా పోయే కాలవ. గోడలో మొలిచిన రావి మొక్కను పైపైన కోస్తే వేరు లోపల బలుస్తుంది. దాన్ని మేస్త్రీ వేరుతో సహా తీసి ఆ సందు పూడ్చాలి. దూలాలకూ వాసాలకూ చెదలు పట్టిందేమో సుత్తితో కొట్టి చూడాలి, గుల్ల శబ్దం వస్తే ఆ ముక్క మార్చాలి. ఈ పనులేవీ ఫొటోలో కనిపించవు. అందుకే వాటికి డబ్బు అడగడం కష్టం, అడిగి తీరాలి.

తర్వాత గోడలు. మీ హాలు సిమెంట్ రాకముందు కట్టినదైతే అందులో డంగు సున్నం ఉంటుంది. గానుగలో నూరిన సున్నానికి ఇసుక కలిపి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి పులియబెట్టిన ఆ గచ్చు తేమను పీల్చుకుంటుంది, ఎండలో వదిలేస్తుంది. దాని మీద సిమెంట్ పూస్తే లోపలి తేమకు దారి మూసుకుపోతుంది. గోడ లోపల ఉప్పు పేరుకుని, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. నాలుగేళ్ళలో సిమెంట్ పెచ్చు ఇటుకను కూడా పట్టుకుని ఊడొస్తుంది. పునరుద్ధరణ పేరుతో మనవాళ్ళు గుళ్ళకూ కోటలకూ చేసిన హానిలో ఇదే పెద్దదని నేను గట్టిగా నమ్ముతాను. సున్నం పని నిదానం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ వారాల తరబడి గట్టిపడుతుంది, అంతకాలం తడి ఆరనివ్వకూడదు. కాంట్రాక్టర్ తొందరపెడతాడు. మీరు పడొద్దు. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు, దొరికిన మేస్త్రీ పక్కన ఇద్దరు కుర్రాళ్ళను పనిలో పెట్టండి, ఆ చదువు మీ ఊళ్ళో ఉండిపోతుంది.

ఇదంతా మనవల్ల అవుతుందా అని సందేహం వస్తే చిలకలగూడ నుంచి పద్మారావునగర్ మీదుగా బన్సీలాల్‌పేట వెళ్ళి అక్కడి మెట్లబావి చూడండి. దశాబ్దాలుగా చెత్తా మట్టీ నిండి, అక్కడొక బావి ఉందన్న సంగతే జనం మర్చిపోయారు. కల్పనా రమేష్ మొదలుపెట్టిన రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్, జీహెచ్ఎంసీ కలిసి తవ్వించారు, రాళ్ళు సరిచేయించారు. 2022 డిసెంబర్‌లో ప్రారంభమైంది. ఇప్పుడు జనం ఆ మెట్ల మీద కూర్చుంటున్నారు. చెత్త తీసే దశలో ఎవరూ ఫొటోలు దిగడానికి రాలేదని గుర్తుపెట్టుకోండి.

మీకు చేతులు కావాలంటే దూరం వెళ్ళక్కర్లేదు. సికింద్రాబాద్‌లోనైతే పక్కనే లాలాగూడ వర్క్‌షాప్ ఉంది, నిజాం రైల్వే కాలం నుంచి బోగీలు బాగుచేస్తున్న చోటు. అక్కడ చెక్క, ఇనుము, కరెంటు పనుల్లో జీవితమంతా గడిపి రిటైరైనవాళ్ళు చిలకలగూడ చుట్టుపక్కల బస్తీల్లో ఎంతోమంది ఉంటారు. వాళ్ళను చందా అడగకండి. "అన్నా, ఈ వేదిక చెక్కలు ఒకసారి చూస్తారా" అని అడగండి. నైపుణ్యం అడిగినప్పుడు మనిషి నిటారుగా నిలబడతాడు. మీ ఊళ్ళో రైల్వే లేకపోతే మిల్లు ఉంటుంది, చక్కెర ఫ్యాక్టరీ ఉంటుంది, వడ్రంగుల వీధి ఉంటుంది.

నిప్పు విషయంలో మాత్రం ఎవరి మొహమాటమూ పనికిరాదు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లేచిన పొగ హాల్లోకి వచ్చింది, బాల్కనీలో అదనంగా వేసిన కుర్చీలు బయటికి దారి మూసేశాయి. కాబట్టి పాత వైరింగ్ మొత్తం పీకేయండి, "ఇక్కడ బాగానే ఉంది" అని ఒక్క గది కూడా మిగల్చకండి. తలుపులన్నీ బయటికి తెరుచుకోవాలి, ఆట జరుగుతున్నంతసేపు ఏ తలుపుకూ తాళం ఉండకూడదు. తెరలకు మంట త్వరగా అంటని పూత వేయించండి. ఫైర్ శాఖ అనుమతి చేతికొచ్చేదాకా ప్రారంభోత్సవం తేదీ ప్రకటించకండి. తేదీ తప్పకూడదని ఇంతసేపూ చెప్పింది నేనే. ఆ మాటకు ఇదొక్కటే మినహాయింపు.

శబ్దం గురించి ఒక మాట. పాత హాళ్ళలో మైకు లేకుండా చివరి బెంచీ దాకా పద్యం వినిపించేది. అది గాయకుడి గొంతు గొప్పతనం ఒక్కటే కాదు. బోలుగా ఉన్న చెక్క వేదిక, చెక్క సీలింగ్, గోడల గచ్చు కలిసి చేసిన పని. మాటకైతే ప్రతిధ్వని సుమారు ఒక సెకనులో ఆగిపోవాలి, సంగీతానికి ఇంకొంచెం ఎక్కువ ఉన్నా బాగుంటుంది. చెక్క తీసేసి టైల్స్ పరిచి, అద్దాలు బిగించి, ఏసీ పెడితే హాలు కొత్తగా కనిపిస్తుంది, మాట మాత్రం ముద్దగా వినిపిస్తుంది. ఏది తీసే ముందైనా నటుణ్ణి వేదిక మీద నిలబెట్టి, జనాన్ని కూర్చోబెట్టి, వెనక వరసలో మీరు కూర్చుని వినండి. ఖాళీ హాల్లో చేసిన పరీక్ష చెల్లదు, మనుషుల ఒళ్ళూ బట్టలూ కూడా శబ్దాన్ని పీల్చుకుంటాయి.

డబ్బు, మనుషులు

సంఘాన్ని సొసైటీగా రిజిస్టర్ చేయించండి, దాతలకు పన్ను మినహాయింపు వచ్చేలా 80జీ తీసుకోండి. చారిత్రక కట్టడాల పునరుద్ధరణను 2013 కంపెనీల చట్టం సీఎస్ఆర్ పనుల్లో చేర్చింది, కాబట్టి కంపెనీలను అడగడానికి మీకు హక్కు లాంటిదే ఉంది. తెలంగాణలో 2017 వారసత్వ చట్టం కూడా ఉంది, మీ హాలును దాని కింద గుర్తించే అవకాశం ఉందేమో వారసత్వ శాఖను అడగండి. కానీ మొత్తం అంచనా చూపించి ఒకేసారి అడగకండి. కప్పుకు ఇంత, కరెంటుకు ఇంత, వేదికకు ఇంత అని విడగొట్టండి. కప్పు అయ్యాక ఇచ్చినవాళ్ళను పిలిచి పైకెక్కించి చూపించండి. కుర్చీలు చివర్న, వాటికి దాతలు సులువుగా దొరుకుతారు, ఎవరి పేరు వాళ్ళ కుర్చీ వెనక కనిపిస్తుంది కాబట్టి. జమాఖర్చులు మూడు నెలలకోసారి హాలు గోడకు అంటించండి. చెక్కు మీద రెండు సంతకాలు ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు.

టికెట్ పెట్టండి, ఇరవై రూపాయలైనా సరే. ఉచితమంటే జనం వస్తామని చెప్పి రారు, వచ్చినా మధ్యలో లేస్తారు. పిల్లలకు, కాలేజీ వాళ్ళకు తగ్గించండి, ముందు వరసలు ప్రముఖుల కోసమని ఖాళీగా ఉంచకండి.

తెరిచిన తర్వాత ఏం ఆడాలన్న ప్రశ్న తెరవకముందే తేలాలి. కోల్‌కతాలో స్టార్ థియేటర్ 1991లో కాలిపోయింది. కార్పొరేషన్ దాన్ని మళ్ళీ కట్టి 2004లో తెరిచింది, పాత ముఖద్వారం అలాగే నిలిచింది. కానీ లోపల ఎక్కువగా సినిమాలే నడవడంతో నాటకంవాళ్ళకు వెలితిగానే మిగిలింది. మీ హాల్లో సినిమా వద్దని నేను అనను. పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చినా తప్పు లేదు, కరెంటు బిల్లు కట్టాలి. రెండో శనివారం మాత్రం అమ్మకానికి ఉండకూడదు. ఎంత పెద్ద పెళ్ళిబేరం వచ్చినా సరే, ఆ సాయంత్రం ఊరిది. ఈ నియమాన్ని సంఘం బైలాల్లో రాయించండి, లేకపోతే మూడో ఏడు మాఘమాసంలో మంచి ముహూర్తం వచ్చినప్పుడు మీలోనే ఎవరో ఒకరు మెత్తబడతారు.

అన్నిటికన్నా కష్టమైనది మీ చేతిలో ఉన్న తాళంచెవి ఇంకొకరికి ఇవ్వడం. పదేళ్ళు ఒకే మనిషి కార్యదర్శిగా ఉన్న సంఘాలు ఆయనతోపాటే ముసలివైపోతాయి. మొదటి ఏడాది నుంచే లైట్లు వేసే పని సీతాఫల్‌మండి కాలేజీ కుర్రాడికో, టికెట్ల లెక్క ఇంటర్ చదివే అమ్మాయికో అప్పగించండి. తప్పులు చేస్తారు, దీపం ఒక క్షణం ఆలస్యంగా వెలుగుతుంది, మీరు పక్కన నిలబడి నోరు మూసుకోండి. రెండో ఏడాది వాళ్ళనే కమిటీలోకి తీసుకోండి, మూడో ఏడాది కార్యక్రమాల ఎంపిక వాళ్ళకే వదిలేయండి. వాళ్ళు మీకు నచ్చనిది పెడతారు. టికెట్ కొనుక్కుని వెళ్ళి చూడండి.

ఇక ఏటా మర్చిపోకుండా చేయవలసిన పని ఒకటుంది, దాన్ని కొత్త క్యాలెండర్ వచ్చిన రోజే రాసుకోవాలి. మృగశిర కార్తెకు ముందు, అంటే మే నెలాఖరులోగా, ఒకరు పైకెక్కి కప్పంతా నడిచి చూడాలి. తూముల్లో ఎండుటాకులూ పావురాల గూళ్ళూ తీయాలి, రెండు బకెట్ల నీళ్ళు పోసి ఎటు పోతున్నాయో గమనించాలి, గోడ సందుల్లో కొత్తగా రావి మొక్క మొలిచిందేమో వెతకాలి. పగిలిన పెంకు ఉంటే ఆ వారమే మార్చాలి. ఆ పని ఎవరిదో పేరు రాయండి, వాళ్ళు ఊళ్ళో లేకపోతే చేసే రెండో మనిషి పేరు కింద రాయండి, నిచ్చెన ఎవరింట్లో ఉందో పక్కన రాయండి.